ద్రాక్షకున్న గోత్రం ఈతకు లేదా?

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజున వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాంసం కొట్లూ, మందు దుకాణాలూ మూతబడే రోజే ఇంత పెద్ద పండగ రావడమేమిటని మా వనపర్తిలో, మా వీధి మగవాళ్ళందరికీ నాలుగు రోజుల ముందు నుంచీ ఒకటే విచారం. మా అక్క కొడుకు మాత్రం ముందుచూపున్నవాడు. హైదరాబాదు నుంచి వస్తూ వస్తూ, తువ్వాలులో పసిపిల్లను చుట్టి తెచ్చినట్టు ఒక సీసాను తెచ్చాడు.

"ఏందిరా అది?" అంది మా అత్తమ్మ.

"రెడ్ వైన్ అమ్మమ్మా. మందు కాదు."

"మందు గాకుంటే మరి కషాయమా?"

వాడు ఆ మాట విననట్టే నటించి, సీసాను బల్ల మీద నిలబెట్టి, లేబులు మావైపు తిప్పి, సంబంధం తెచ్చినవాడు పిల్లవాడి జాతకం చదివినట్టు మొదలుపెట్టాడు. బెంగుళూరు దగ్గర నంది కొండల ప్రాంతంలో పండిన ద్రాక్షట. గ్రోవర్ వారి 'లా రిజర్వ్' అట. కేబర్నే సావిన్యాన్, షిరాజ్ అని రెండు జాతుల ద్రాక్షలతో చేసిన వైన్లను కలుపుతారట. ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి నిద్రపుచ్చుతారట. "ముందు పండిన నేరేడుపండులాంటి వాసన తగుల్తుంది చిన్నమ్మా. తరవాత మిరియం. ఆఖర్న నాలిక మీద వగరు. దీని క్యారెక్టరే వేరు!"

క్యారెక్టరు! మన ఇళ్ళల్లో ఆ మాట ఆడపిల్లల విషయంలో తప్ప వాడగా నేను వినలేదు. సీసాలకి కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

నవ్వుకున్నానే గానీ, నవలలు రాసుకునేదాన్ని గనక వంశవృక్షాలంటే నాకు మహా మోజు. కొంత వాణ్ణి అడిగి, కొంత తరవాత చదివి తెలుసుకున్నాను. ఈ కేబర్నే సావిన్యాన్ అనే నల్లద్రాక్ష ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు పిల్ల. తరతరాలుగా దాన్ని పండించారు, తాగారు, పొగిడారు గానీ, దాని తల్లిదండ్రులెవరో ఎవరికీ తెలియలేదు. చివరికి కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి, కేబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్షకీ, సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్షకీ పుట్టిన బిడ్డ అని 1997లో ప్రకటించారు. ముహూర్తం లేదు, పురోహితుడు లేడు. ఎప్పుడో ఏ తోటలోనో తనంతట తాను జరిగిపోయిన కల్యాణం! అయినా సరే, ఆ సంబంధం ఎక్కడిదో తెలుసుకునేదాకా వాళ్ళకి నిద్ర పట్టలేదు చూశారా!

రెండు రకాలు ఎందుకు కలపాలి, ఒకటి చాలదా అని కూడా అడిగాను. అక్కడే నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది. బోర్డోలో కేబర్నేకి తోడు మెర్లో అనే ఇంకో ద్రాక్ష వేస్తారు. మెర్లో ముందు చిగురిస్తుంది, ముందు పండుతుంది. కేబర్నే ఆలస్యం. వసంతంలో మంచు పడితే తొందరపడి చిగురించినది దెబ్బతింటుంది, కోతలనాటికి వానపడితే ఆలస్యంగా పండేది పోతుంది. రెండూ వేసినవాడికి ఏదో ఒకటి దక్కుతుంది. మన పాలమూరు రైతు జొన్నచేలో కంది సాళ్ళు వేసుకోడా? అదే తెలివి! కేబర్నే వగరుగా, బిగువుగా ఉంటుంది, మెర్లో మెత్తన. కలిపితే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. అంతెందుకు, ద్రాక్షరసానికి అసలు ఎరుపే లేదట. నల్లద్రాక్షని పిండినా రసం తెల్లగానే వస్తుంది. తొక్కలతో కలిపి నానబెడితేనే ఆ ఎరుపూ, ఆ వగరూ దిగుతాయి.

ఇక నంది కొండల సంగతి. 1988లో మొదలైంది ఆ కంపెనీ. సుమారు 900 మీటర్ల ఎత్తున చల్లటి రాత్రులు చూసుకుని ఫ్రెంచి ద్రాక్ష నాటారు. ఆ చిక్కబళ్ళాపురం వైపు పల్లెల్లో ఈనాటికీ బోలెడంత తెలుగు వినిపిస్తుంది. అంటే ఈ దొరసానికి కాస్తో కూస్తో మన చుట్టరికం కూడా ఉందన్నమాట.

పండు ఏది, కొండ ఏది, ఏ ఏటి పంట, ఏ చెక్కలో ఎన్నాళ్ళుంది, నూటికి ఎంత సారం ఉంది, అన్నీ చెప్పుకునే వాళ్ళు చెప్పుకోనీండి. నాకేం అభ్యంతరం లేదు. కొనేవాడికి చెప్పి అమ్మడం మర్యాద.

మరి మన ఊళ్ళలో?

ఒకసారి క్రిస్మస్‌కి కేకు చేద్దామని మోజుపడ్డాను. పుస్తకంలో రెండు చెంచాల రెడ్ వైన్ అని రాసుంది. నేను వెళ్ళలేను గదా, మావారిని పంపాను. వనపర్తిలో నల్లటి బోర్డు మీద పసుప్పచ్చ అక్షరాలతో 'వైన్స్' అని చూసి లోపలికి వెళ్ళి వైన్ అడిగితే, "వైనేంది సార్, బీరా, బ్రాందా?" అన్నాడట. మర్నాడు చీరలకని గద్వాల వెళ్ళాం. అక్కడా 'వైన్స్', అక్కడా అదే మాట. పెళ్ళికని నాగర్‌కర్నూలు వెళితే అక్కడ దుకాణంవాడు జాలిపడి, "హైదరాబాద్ల దొరుకుతది, గిక్కడెవరు తాగుతరు" అన్నాడట. మూడు ఊళ్ళలోనూ సందుసందుకీ ఆ బోర్డే, లోపల ఆ సరుకొక్కటే లేదు! పాలకేంద్రం అని బోర్డు పెట్టి సున్నం నీళ్ళు అమ్మితే ఊరుకుంటామా? కేకులో దానిమ్మరసం పోశాను. బాగానే వచ్చింది.

సరే, అది బోర్డు ఆడే అబద్ధం. లోపలి బ్రాందీ సీసా మీదయినా కంపెనీ పేరో, నూటికి ఇంతనో అచ్చువేసి ఉంటుంది. అసలు ఏమీ రాయని సీసా ఒకటుంది మా జిల్లాల్లో. నా కోపమంతా దాని మీద.

కల్లు సీసా.

'ఛీ, కల్లు గురించా ఈవిడ రాయడం' అని పేజీ తిప్పేయకండి. నా చిన్నతనంలో మా తాతగారి ఊళ్ళో కల్లంటే ఎవరూ ముక్కు మూసుకునేవారు కాదు. చెరువు వెనక ఈతవనం. తెల్లవారకముందే గౌండ్ల తాత మోకూ ముస్తాదూ భుజాన వేసుకుని, గీతకత్తి నడుముకి పెట్టుకుని వచ్చేవాడు. ఈతచెట్టుకి మొవ్వు కింద ఒక పక్క చెక్కి, దానికి లొట్టి కడతారు. ఒక ఏడు ఈ పక్క చెక్కితే మరుసటేడు ఆ పక్క. అందుకే ఈత మాను నిటారుగా ఉండదు, మెట్లుమెట్లుగా వంకరలు పోయి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెట్టి తాత చెప్పేవాడు, ఈ చెట్టుని ఎన్నేళ్ళ నుంచి గీస్తున్నామో. లేబులు, లేబులు అంటాడే మా అక్క కొడుకు, ఆ చెట్టు లేబులు దాని ఒంటి మీదే ఉంది!

తాటికల్లు వేరు. దానికి మాను చెక్కరు, గెలని కోసి రసం దింపుతారు. మగతాడు గీసే కాలం వేరు, ఆడతాడు కాలం వేరు. ఈ చెట్టుది తియ్యన, ఆ గట్టు మీదిది కాస్త వగరు, చెరువుకట్ట కిందిది నీళ్ళన అని తాత ఒక్కొక్క చెట్టుకీ గుణం చెప్పేవాడు. తెల్లవారుజామున దింపితే చక్కెరపానకంలా ఉండే రసం, పొద్దెక్కేకొద్దీ గాలిలోని పులుపు పట్టి నురగ కడుతుంది, మధ్యాహ్నానికి కాస్త మత్తు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి వెనిగర్! నూటికి నాలుగైదు పాళ్ళకు మించని సారం. పీపాలో దాచి పదేళ్ళ తరవాత తాగుదామంటే కుదరదు. ఏ పూటది ఆ పూటే. రెండు లొట్టెలు కలపవలసి వచ్చినా తాత ఆలోచించి కలిపేవాడు, తియ్యటిదాన్లో కాస్త పులిసినది. నేరేడు వాసనా, మిరియం వాసనా అని పేర్లు పెట్టలేదు గానీ, ఆ తెలివికి బోర్డో తెలివి ఏమీ అక్కచెల్లెలు కాకపోదు.

మా తాతగారు ఎండాకాలం పొద్దున్నే ఒక చెంబుడు తాగేవారు. ఎల్లమ్మకు సాక పోసేటప్పుడూ అదే, కోతలప్పుడు కూలి ఆడవాళ్ళు ఎండిన గొంతులో పోసుకునేదీ అదే. తెలంగాణ పల్లెల్లో అది మగవాళ్ళ సరుకొక్కటే కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఇప్పుడు మన ఊళ్ళ కల్లు దుకాణాల్లో దొరికే సీసా ఆ చెట్టుది కాదు. 'చెట్టు కల్లు' వేరు, 'మందు కల్లు' వేరు అని చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ రెండో మాట ఒక భాషలో పుట్టిందంటేనే ఆ ఊరి మీద ఎంత పాపం జరిగిందో చూడండి. పాతిక చెట్లు లేని చోట వందల సీసాలు అమ్ముతారు. గీత కాలం అయిపోయినా అమ్ముతారు, వానల్లేక ఈతవనాలు ఎండిపోయినా అమ్ముతారు. చెట్టు ఇవ్వనిది ఎక్కడ నుంచి వస్తుంది? నీళ్ళు, తీపికి సాక్రీన్, మత్తుకి మందు. డిపోల్లో డ్రమ్ముల్లో కలిపి సీసాలకెత్తుతారు.

మా అక్క కొడుకు తన సీసాకి జాతకం చదివాడు గదా, ఈ సీసాకి నేను చదువుతాను వినండి. ఇది కూడా బ్లెండే! ఇందులో పట్టుబడే మొదటి సరుకు క్లోరల్ హైడ్రేట్. దీని పుట్టుక జర్మనీ. లీబిగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1832లో తయారుచేశాడు. 1869 నుంచి నిద్రమందుగా వాడారు. రెండోది డైజోఫాం. 1963లో వాలియం అనే పేరుతో బజారుకెక్కిన నరాల మందు. మూడోది ఆల్ప్రాజోలం, 1981లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఆందోళనకి డాక్టర్లు చీటీ రాసి, లెక్కపెట్టి ఇచ్చే మాత్ర. ఇక తీపికి వేసే సాక్రీన్ కూడా అమెరికా బిడ్డే, 1879. చూశారా, మన పేదవాడి సీసాలో ఎన్ని దేశాలు, ఎంత ఘనమైన వంశం! ఫ్రాన్సు ద్రాక్ష ఒక్కటే ఏం గొప్ప? క్యారెక్టరంటారా, మొదట మత్తు, తరవాత మొద్దు నిద్ర, ఆఖర్న అది లేకపోతే వణుకు.

ఆ ఆల్ప్రాజోలం కూడా ఇప్పుడు ఎక్కడ నుంచి వస్తోందో తెలుసా? 2025 సెప్టెంబరులో సికింద్రాబాదు ఓల్డ్ బోయినపల్లిలో పోలీసులు ఒక తయారీ కేంద్రాన్ని పట్టుకున్నారు. ఎక్కడనుకున్నారు? బడిలో! ఒక పక్క పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు, అదే భవనంలో ఇంకో పక్క ఈ పొడి తయారవుతోంది. అక్కడి నుంచి మన పాలమూరు వైపు కల్లు దుకాణాలకు వెళుతోందని పోలీసులే చెప్పారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ద్రాక్షకి కొండ చెప్పుకుంటారు, పీపా చెప్పుకుంటారు. ఈ సీసా మీద ఏమని అచ్చువేస్తారు? 'మూడో తరగతి పక్క గదిలో తయారైనది' అనా?

నాకింత ఒళ్ళుమంట ఎందుకో చెప్పాలి.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె పన్నెండేళ్ళుగా ఉంది. పేరు చెప్పను, ఆమెకి ఊళ్ళో బతుకుంది. మొగుడు బొంబాయి, పూనా అంటూ కట్టడం పనులకి పోతాడు. పాలమూరు లేబరు గదా, దేశంలో ఏ ఆనకట్ట చూసినా మనవాళ్ళ చెమటే. ఆమె పగలంతా నాలుగిళ్ళలో పనిచేసి, సాయంత్రం ఒక సీసా తాగి పడుకునేది. నాకు తెలుసు. నేనేమీ అనలేదు. ఒంటి నొప్పులకు తాగుతోంది, తాతల నాటి అలవాటే గదా అనుకున్నాను. పచ్చటి అబద్ధం నేనే నమ్మాను, కల్లు అంటే మా తాతగారి చెంబులోదే అనుకుని.

2015లో అధికారులు కల్తీకల్లు మీద దాడులు చేశారు. అప్పటికి గద్వాలా, వనపర్తీ, నాగర్‌కర్నూలూ వేరే జిల్లాలు కాలేదు. 2016 అక్టోబరు దాకా అంతా మహబూబ్‌నగరే. దుకాణాలు మూతపడ్డాయి. మంచిదే జరిగింది అని నేను సంతోషించాను. మూడో రోజు ఆమె పనికి రాలేదు. నాలుగోరోజు నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. గుడిసె ముందు కూర్చుని ఉంది. చేతులు జొన్న ఆకుల్లా వణుకుతున్నాయి. నన్ను చూసి లేవబోయి కూలబడింది.

"నిద్ర పడ్తలేదమ్మా. గోడకు చీమలు పాకుతున్నయి చూడు, తుడువరాదూ" అంది.

గోడ మీద ఏమీ లేవు.

ఆ రాత్రే ఆమెకి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడ ఆమెలాంటివాళ్ళే మంచం మీద ఇద్దరేసి, కింద చాపల మీద కొందరు. వాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేమీ లేరు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. డాక్టరు నాకు చెప్పిన మాట ఇది: ఇది కల్లు మానేస్తే వచ్చే జబ్బు కాదు, ఏళ్ళ తరబడి తెలియకుండా మింగిన మాత్రలు ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే జబ్బు. ఆ మాత్రల్ని మాన్పించాలన్నా కొంచెం కొంచెంగా తగ్గించాలట. ఎంత తాగిందో తెలిస్తే లెక్కకట్టి ఇవ్వొచ్చు. "సీసాలో ఎంత కలిపారో ఎవరికి తెలుసమ్మా? కలిపినవాడికే తెలీదు" అన్నాడు.

కలిపినవాడికే తెలీదు! పది రోజులకి ఆమె బతికి బయటపడింది. అందరూ అలా బయటపడలేదు. తరవాత 2023లో మళ్ళీ మహబూబ్‌నగర్ ఆసుపత్రిలో అదే వణుకు, అవే మంచాలు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి ప్రాణాలే పోయాయి. నగరంలో పోయాయి గనక అది పత్రికల్లో మొదటి పేజీకెక్కింది. మా వైపు పోయినవాళ్ళు ఏ పేజీకెక్కారో మీరే వెతుక్కోండి.

ఇలా మాట్లాడితే నన్ను కొట్టడానికి వచ్చేవాళ్ళు ముగ్గురు.

మొదటివాళ్ళు మన మధ్యతరగతివాళ్ళే. "తాగుబోతులకి నాణ్యత ఎందుకండీ, మొత్తం మాన్పించాలి గానీ" అంటారు. అమ్మా, మాన్పించడం మనకి తెలియని విద్య కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఆ నిషేధం కూడా పోయింది. ఆ ఆడవాళ్ళకి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ మూసేయడం ఒక్కటే తెలిసిన ప్రభుత్వం దుకాణానికి తాళం వేసి వెళ్ళిపోతే, ఆ నాలుగో రోజు గుడిసె ముందు ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. తాళంతోపాటు డాక్టరునీ, మంచాన్నీ, మందునీ పంపకుండా వేసిన తాళం నాకు వద్దు. పైగా, ఈ మాట అనే పెద్దమనుషులే తమ ఇంట్లో నంది కొండల సీసా వచ్చినప్పుడు లేబులు రెండుసార్లు చదువుకుంటారు! నాణ్యత మీ నాలిక్కి కావాలి గానీ ఆమె నరాలకి అక్కర్లేదా?

రెండోవాళ్ళు, "గీతకార్మికుల పొట్ట కొడుతున్నావ్" అంటారు. ఎవరి పొట్ట? తాడు ఎక్కి ప్రాణం గాలిలో పెట్టే మనిషి కల్లు కలపడు, కలపవలసిన అవసరమూ లేదు, ఎక్కిన చెట్టు ఎంతిస్తే అంత. ఆ మనిషి కోసమే గదా 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' అని మోకులూ బెల్టులూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది? డ్రమ్ముల్లో నీళ్ళూ పొడీ కలిపే డిపోవాడికి చెట్టెక్కే మనిషితో పనే లేదు. కల్తీ పెరిగేకొద్దీ ముందు పని పోయేది గౌండ్లాయనకే. చెట్టుకల్లు లొట్టి తెచ్చి ఊళ్ళో అమ్ముదామంటే, "దీంట్ల కిక్కు లేదు" అంటున్నారట. మందుకి మరిగిన నాలిక్కి చెట్టు రుచి చప్పన! గీత వృత్తిని చంపింది నేనా, ఆ పొడా?

మూడోవాళ్ళు ఆఫీసువాళ్ళు. "పల్లెటూరి కల్లుకి లేబులెలా కుదురుతుందండీ" అని నవ్వుతారు. ఎందుకు కుదరదు? గీతకిచ్చే చెట్లకి నంబర్లు వేసేది మీరే. సొసైటీలకీ, గీసుకునేవారికీ లైసెన్సులు రాసిచ్చేది మీరే. ఏ దుకాణానికి ఎన్ని చెట్లో మీ రిజిస్టర్లో ఉంది. ఎంత ధారాళమైన చెట్టయినా రోజుకు కొద్ది లీటర్లు మించి ఇవ్వదని మీకూ తెలుసు. చెట్లని లీటర్లతో హెచ్చవేసి, దుకాణంలో ఖాళీ అయిన సీసాల్ని లెక్కపెట్టండి. ఐదో తరగతి లెక్క! దీనికి లేబరేటరీ కూడా అక్కర్లేదు. ఆ లెక్క ఎందుకు వెయ్యరో నన్నడగకండి, వాళ్ళనే అడగండి. దుకాణం తలుపు మీద నాలుగు వరుసలు చాలు: ఫలానా ఊరి వనం, ఇన్ని చెట్లు, ఇవాళ దింపినది ఇంత, గీసిన మనిషి ఫలానా. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరాకి అద్దాల మేడ కట్టి, 2023లో రిబ్బను కత్తిరించారు. అక్కడ కూర్చుని చల్లగా తాగేవాళ్ళకి అది ఏ చెట్టు రసమో చెప్పగలిగినప్పుడు, నాగర్‌కర్నూలు సంతలో కూలికి ఎందుకు చెప్పలేరు?

ఆడవాళ్ళం మనకి ఈ సంగతి వేరే చెప్పాలా? గద్వాల చీర కొనడానికి వెళ్ళినప్పుడు ఎంతసేపు కూర్చుంటాం? ఆ చీరా మిశ్రమమే గదా. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకీ పట్టుకీ కలిసిన చోట వేలితో తడిమి చూస్తాం. తిరగేసి చూస్తాం. పట్టు పోగు ఒకటి లాగి వెలిగించి వాసన చూసే గడుసువాళ్ళూ ఉన్నారు. మగ్గం మీదదా, మర మీదదా అని నేసినాయన్నే నిలదీస్తాం. ఆయన నొచ్చుకోడు, సంతోషంగా చెబుతాడు. ఒంటి మీద కట్టుకునే దానికి ఇన్ని ప్రశ్నలు అడిగిన మనం, మన వాకిట్లో గిన్నెలు తోమే మనిషి గొంతులోకి వెళ్ళే సీసాని పన్నెండేళ్ళలో ఒక్కనాడు ఎత్తి చూడలేదు. నన్ను నేనే అంటున్నాను, మిమ్మల్ని కాదు. కానీ మీరూ ఒకసారి మీ పెరట్లోకి వెళ్ళి అడిగి చూడండి, రాత్రి నిద్ర ఎలా పడుతోందని.

దసరా వెళ్ళిన మర్నాడు మా అక్క కొడుకు ప్రయాణమయ్యాడు. సీసా ఖాళీ అయింది. మావారు కూడా ఒక గుక్క తాగి, "చింతపండు నీళ్ళలా ఉంది" అన్నారు. నేనూ నాలిక మీద వేసుకున్నాను. నేరేడు లేదు, మిరియం లేదు గానీ వగరు మాత్రం నిజమే, లేబులు అబద్ధమాడలేదు.

ఖాళీ సీసాని గిన్నెల్లో వేశాను. ఆమె కడుగుతూ కడుగుతూ చేతిలో తిప్పి చూసింది.

"ఇంత చిన్న కాయితం మీద ఏం రాసిండ్రమ్మా ఇన్ని అక్షరాలు?"

చదివి చెప్పాను. ఏ కొండో, ఏ పండో, ఎన్ని నెలలో, నూటికి ఎంతో. శ్రద్ధగా విన్నది.

"గింత వివరమా!" అంది. కాసేపు ఊరుకుని, "ఈ సీసా నాకియ్యరాదు. బిరడా గట్టిగుంది, నూనె పోసుకుంట" అంది.

ఇచ్చాను. నీళ్ళలో నానబెట్టి, పీచుతో రుద్ది ఆ లేబులు ఊడదీసి, సీసాని ఎండలో బోర్లించింది.